జాక్ వచ్చే సాయంత్రం

"పిల్లలకి పాఠాలు చెప్పేవాడివి, నువ్వే చెప్పు నాన్నా. ఆ సెయింట్ వాలెంటైన్‌కీ ప్రేమలకీ ఏం సంబంధం?" రొట్టెకి వెన్న రాస్తూ అడిగింది జూడిత్.

"ఏమీ లేదు. పాపం, నమ్మిన మతం కోసం తల పోగొట్టుకున్నాడు. ఆయన పండుగనాడు పక్షులు జత కడతాయని ఎప్పటికో కవులు రాశారు. జనం పట్టుకున్నారు," అన్నాడు క్లెమెంట్.

"మరి రేపు పండుగనగా మన నారిచ్ ఊళ్ళో ఈ సాయంత్రం తలుపు కొట్టి, గుమ్మంలో కానుక పెట్టి పారిపోయేది సెయింటా, కవా?"

"జాక్ వాలెంటైన్. ఎవరికీ కనపడడు."

"అమ్మకి ఏటా తెచ్చేవాడుగా! 'మీ నాన్న ఒక్క పువ్వు తేడు, జాకే నయం' అనేది. పోయినేడు 'జాక్‌కి వయసు మీద పడుతోందే, ఆయాసం లోపలికి వినిపించింది' అంది."

క్లెమెంట్ నవ్వాడు. భార్య హెస్టర్ పోయి నాలుగు నెలలైంది. జాక్ తానేనని ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఏమీ తెలియకుండానే వెళ్ళిపోయిందన్న బాధ అతన్ని లోలోపల తొలిచేస్తోంది.

"చీకటి పడితే చాలు, వెనక తలుపు గడియ పెట్టేసేది అమ్మ. బొగ్గులకని పెరట్లోకి వెళ్ళిన నిన్ను కూడా బయటే ఉంచేసింది, గుర్తుందా?"

"గుర్తు లేకేం? కిటికీ కొడితే, 'ఎవరయ్యా నువ్వు?' అంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత జూడిత్ మెల్లగా అంది, "ఈ ఏడు జాక్ రాడులే."

"నేను వ్యాసాలు దిద్దుకోవాలి," అంటూ లేచాడు క్లెమెంట్.

ఏటా చేసే పనే. చప్పుడు కాకుండా ముందు తలుపు తీసి, లావెండర్ సబ్బు పొట్లం గుమ్మంలో పెట్టాడు. గట్టిగా తలుపు కొట్టి, పక్క సందులోంచి పరుగెత్తాడు. వెనక తలుపులోంచి లోపలికి దూరి, ఎర్ర కలం పట్టుకుని కూర్చోవడమే మిగిలింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు.

వెనక తలుపు నెట్టాడు. కదల్లేదు. మళ్ళీ నెట్టాడు.

కాసేపటికి లోపల గడియ చప్పుడైంది. పొట్లం చేతిలో పట్టుకుని జూడిత్ నిలబడి ఉంది.

"నాన్నా! జాక్‌వి నువ్వా?"

"గడియ ఎందుకు పెట్టావే?" రొప్పుతూ అడిగాడు.

"చీకటి పడిందిగా. అమ్మ రోజూ పెట్టేదని నేనూ పెట్టాను."

క్లెమెంట్ గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

ఏటా ఈ ఒక్క సాయంత్రం అది తీసే ఉండేది.