ఐదో నంబరు

బైండింగు షాపు నడిపే అక్కకి ఆ రాత్రి కాళ్లు నేలమీద నిలవలేదు. ఫోన్లన్నిటినీ కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని వారం పాటు తంటాలు పడి పాత కంప్యూటర్లోకి ఎక్కించింది. తమ్ముడి సెల్లుతో కలిపి నాలుగు ఫోన్లకి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లిచ్చింది. ఇప్పుడు ఇంటి నుంచి తమ్ముడు ఇంటర్నెట్‌లో చేసిన కాల్‌కి బల్లమీది ఫోను గణగణా మోగింది.

"మోగిందిరా!" స్పీకరు నొక్కి కేకేసింది.

"సాధించావక్కా! ఇక తాళమేసి రా."

కంప్యూటర్ ఆపబోతూ తెర చూసింది. పనిచేస్తున్న ఫోన్ల పక్కన పచ్చ చుక్కలు నాలుగుండాలి. ఐదున్నాయి.

"ఐదో నంబరు నువ్వు పెట్టావా?"

"నాకు పాస్‌వర్డే తెలీదు కదక్కా!"

ఆమె దాన్ని తీసేసింది. రెండు క్షణాల్లో మళ్లీ వచ్చి కూర్చుంది. షాపులో కంప్యూటర్ ఫ్యాను గుయ్యిమనడం తప్ప చప్పుడు లేదు. చెయ్యి ఊరుకోలేదు. పక్క ఫోనెత్తి ఐదు కొట్టింది. గదిలో ఎక్కడా గంట మోగలేదు గానీ, అవతల ఎవరో ఎత్తారు. చిన్నగా దగ్గు వినిపించింది.

"పెద్దదానితో మాట్లాడాలంటే ఒకటి నొక్కండి. చిన్నోడితో అయితే రెండు. నాతో అయితే ఐదు."

నాన్న గొంతు. ఆయన పోయి ఆరేళ్లయింది.

"ఎవరది, ఏం నొక్కమంటున్నారు? అక్కా, మాట్లాడు! ఏదీ నొక్కకు!" స్పీకర్లోంచి తమ్ముడు అరుస్తున్నాడు.

ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. వేలు అప్పటికే ఐదు మీద ఉంది.