పొడి పక్క

మళ్లీ తడిసింది.

పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. పెద్దది అప్పటికే లేచి, తడిసిన పరుపు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. గౌను వెనకంతా తడే. పక్క పరుపు మీద తమ్ముడు బుడ్డోడు దుంగలా పడి నిద్రపోతున్నాడు.

"తప్పయిపోయింది పిన్నీ" అంది పెద్దది తలెత్తకుండా.

అక్కా బావా పోయాక ఇద్దరు పిల్లల్నీ ఇంటికి తెచ్చుకుంది పిన్ని. ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో కుట్టు మిషను, చుట్టూ జనం ఇచ్చి వెళ్లిన కర్టెన్ల గుడ్డ. పరుపు ఆరేయడానికి ఆ గది కిటికీ తప్ప వేరే చోటు లేదు. ఒకావిడ పట్టుకెళ్లిన కర్టెన్లు మర్నాడే వెనక్కి తెచ్చి, "ఇదేం కంపమ్మా" అంటూ మూట బల్ల మీద పడేసి పోయింది. ఆ మాట వీధంతా పాకింది. బేరాలు పలచబడ్డాయి.

పిల్లను తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు మందులు రాయలేదు.

"మందులొద్దమ్మా. సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించు. పడుకునే ముందోసారి, నడిరాత్రి లేపి ఓసారి బాత్రూంకి పంపించు. తిట్టకు, కొట్టకు. పొడిగా ఉన్న రోజు మెచ్చుకో. అదే తగ్గుతుంది."

పెద్దది ఆ మాటలన్నీ చెవులు రిక్కించి విన్నది. ఒక్కటీ తప్పలేదు. పొద్దు వాలాక గుక్కెడు నీళ్లు ముట్టేది కాదు. తన పాలు కూడా బుడ్డోడికే పోసేది. పెదాలు ఎండిపోయేవి. నిద్రలో లేపితే, భుజం మీద చెయ్యి పడగానే లేచి వెళ్లేది.

అయినా తెల్లారేసరికి తడి. మెచ్చుకోవడానికి ఒక్క పొద్దు కూడా దొరకలేదు పిన్నికి. స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది.

బస్సు నడిపి అలసిపోయి వచ్చే బాబాయికి ఓపిక నశించింది.

"హాస్టల్లో వేద్దాం. నలుగురి మధ్య పడుకుంటే సిగ్గొచ్చి అదే మానుకుంటుంది. బుడ్డోడు ఉండనీ, వాడితో పేచీ లేదు."

"తల్లి లేని పిల్లండీ. అక్కడ నవ్వులపాలవుతుంది."

"నీ కుట్టుపని పోతే నలుగురం ఏం తింటాం?"

పిన్ని అటక మీది పెట్టె కిందికి దించింది.

పెద్దది మాత్రం మారాం చెయ్యలేదు. బట్టలు తనే సర్దుకుంది. హాస్టల్ గేటు దగ్గర పిన్ని చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడు చిన్నోడు కదా పిన్నీ. ఏం చేసినా వాణ్ని తిట్టకు. బాబాయికి కూడా చెప్పు."

ఇంటికొచ్చాక పిన్ని అన్నం ముట్టలేదు. పిల్లను అంతమంది ముందు ఎలా నిలబెడతారో, ఏమని పిలుస్తారో అని రాత్రంతా అల్లాడింది.

తెల్లారగానే వార్డెనుకు ఫోన్ చేసింది.

"పక్క... తడిపిందా అమ్మా?"

"లేదే. పొడిగా ఉంది. హాయిగా నిద్రపోయింది పిల్ల."

"చూశావా, నేను చెప్పలేదూ" అన్నాడు బాబాయి చొక్కా తొడుక్కుంటూ.

గుండె మీది బరువు దిగిపోయి, బుడ్డోణ్ణి లేపుదామని వంగిన పిన్ని చేతికి దుప్పటి కింద పరుపంతా తడిగా తగిలింది.