మూడో మేక

తెల్లారేసరికి మూడో మేక కూడా కాళ్లు చాపేసింది. మూతి చుట్టూ పచ్చటి నురగ.

కెజీయా దాని పక్కనే చతికిలపడింది. "నాలో ఇంకా ఏదో పాపం మిగిలే ఉంది, అత్తా."

"ఉంటే వెతుక్కో," అంది ఫెరేసి, మనవరాలికి జొన్న జావ తాగిస్తూ. "దేవుడు ఊరికే కొట్టడు."

ఆ కొండల్లో రక్షణ పొందినవాళ్లు దేన్నీ దాచుకోరు. మొదటి మేక పోయిన వారం కెజీయా గుడి సహవాస కూటంలో అందరి ముందూ లేచి, గుడి వంటింట్లోంచి చారెడు ఉప్పు తెచ్చుకున్నానని ఒప్పుకుంది. రెండోది పోయాక, పాటలు పాడే పెద్దామె గొంతును కప్పతో పోల్చి నవ్వానని చెప్పింది. అయినా ఇవాళ మూడోది.

మధ్యాహ్నం గుడి వాకిట్లో సంఘ పెద్ద యెరెమీయా ఎదురొచ్చాడు.

"మళ్లీనా? ఈసారి ఏం తెచ్చుకున్నావమ్మా, చిటికెడు మిరప్పొడా?"

"నవ్వకండి అయ్యా."

"మేకలన్నాక చస్తాయి. ప్రతి కష్టమూ శిక్ష కాదు తల్లీ. ఓర్చుకో, అంతే."

"ఓర్చుకుందును. కానీ మేకలైపోయాయి. ఇక నా ఇంట్లో మిగిలింది ఈ పాపే."

పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది. పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

చాపల మీద అందరూ సర్దుకున్నాక కెజీయా లేచి నిలబడింది. చంకలో పాప.

"నా భర్త యోనసాను రెండేళ్ల కిందట తాగి లోయలో పడి చచ్చిపోయాడని మీకు తెలుసు. ఆ సాయంత్రం వానలో అతను లోయలోంచి నన్ను కేకేశాడు. చాలాసేపు. నాకు వినపడింది. ఆ మనిషి మళ్లీ ఇంటికొస్తే నన్ను బతకనివ్వడనిపించింది. గడియ పెట్టుకుని, కేకలు ఆగేదాకా కూర్చున్నాను."

ఎవరైనా ఒప్పుకోగానే స్తుతి పాట అందుకోవడం అక్కడి అలవాటు. ఈసారి అందరి చూపులూ ఫెరేసి మీదే. చచ్చినవాడు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు.

ముసలామె మెల్లగా లేచింది. చాపల మధ్యలోంచి నడిచి వచ్చి, పాపను తన చంకలోకి తీసుకుంది. రెండో చేత్తో కోడల్ని గుండెలకు హత్తుకుంది.

యెరెమీయా కళ్లు తుడుచుకుని పాట ఎత్తుకున్నాడు. గుడంతా చప్పట్లతో హోరెత్తింది. కెజీయా అత్త భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. రెండేళ్ల బరువు ఒక్కసారిగా దిగినట్టుంది.

ఫెరేసి చెయ్యి ఆమె మెడ చుట్టూ ఇంకాస్త బిగిసింది. ఆ హోరులో కోడలి చెవికి మాత్రమే వినపడేలా అంది:

"ఈ మాట నీ నోట రప్పించడానికి మూడు మేకలకు విషం పెట్టాల్సొచ్చిందే."