మూడు పళ్లేలు

జ్వరంతో కూతురు పోయి మూడు నెలలైనా, తాను దానికోసం చేసిన బొమ్మ పళ్లేల్ని కుమ్మరి పారేయలేకపోయాడు. బొటనవేలి గోరంత మట్టి పళ్లేలవి. బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ రాత్రి బీరువాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడైంది.

"విన్నారా?" అంది భార్య.

"ఎలుకలే. పడుకో."

ఆమె లేచి తాళం తీసింది. దొంతరగా పేర్చిన పళ్లేల్లో మూడు కిందికి దిగి, వరసగా ఉన్నాయి. మూడూ అప్పుడే కడిగినట్టు తడిగా ఉన్నాయి.

"పిచ్చితల్లి, మనిద్దరికీ కూడా పెట్టిందండీ," అని నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటి నవ్వు. అది చూసి అతను భయపడ్డాడు. పళ్లేలన్నీ లాక్కుని నేలకేసి కొట్టాడు. ఆమె ఏడవలేదు. వచ్చి పడుకుంది.

దీపం ఆర్పాక ఇల్లంతా సద్దుమణిగింది. కాసేపటికి వంటింట్లో బల్ల మీద పళ్లెం పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూడోది. ఈసారివి వాళ్లు రోజూ తినే పెద్ద పళ్లేలు.

"వస్తున్నానమ్మా," అంటూ భార్య లేచింది.

అతను రెండు చేతులా ఆమెను పట్టుకున్నాడు. ఆమె బక్కమనిషి. అయినా అతన్ని వంటింటి గడప దాకా ఈడ్చుకుపోయింది.

"అమ్మనొదిలెయ్యవే, నీకు దండం పెడతా," అని చీకట్లోకి చూస్తూ ఏడ్చాడు.

లోపల ఒక కుర్చీ జరిగింది. అతనికీ చోటు చేస్తున్నట్టు, వెంటనే రెండోదీ జరిగింది.