‘హో ఫాన్’ అను, ముసలాడా

"హో ఫాన్ అనండి, పెదనాన్నగారూ. బాగైపోయాను అని. హో... ఫాన్."

బింగ్‌సామ్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

మోంగ్‌కోక్ వీధుల్లో ముప్పై ఏళ్ళు మినీబస్సు నడిపి, అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ నోరారా తిట్టిన మనిషి. పక్షవాతం వచ్చి మూడు నెలలైంది, ఒక్క మాట లేదు. ఇవాళే ఆఖరి పాఠం. ఒక్క మాట పలికినా ఆసుపత్రిలోనే ఉంచి ఇంకో మూడు నెలలు నేర్పుతారు. లేదంటే మూడింటికి వృద్ధాశ్రమం వ్యాను. అక్కడ అన్నం పెడతారు, మాటలు నేర్పరు.

మాటలు నేర్పే అమ్మాయి యిప్ మాట రాసిన ఇంకో అట్టముక్క తీసింది. "పోనీ ఇది. హేయ్ ఫాన్ సాన్. మంచం మీంచి లేచి కూర్చున్నాను."

మళ్ళీ గాలే.

భార్య సౌయింగ్ ఉండబట్టలేకపోయింది. "అను, ముసలాడా! పెళ్ళైన కొత్తలో భోజనం దగ్గర చావు మాట ఎత్తానని, 'ఛోయ్' అని గదమాయించి మూడుసార్లు ఉమ్మించి, మంచి మాట పలికించేదాకా గిన్నె ముట్టనివ్వలేదే! ఆ నోరేమైంది?"

బింగ్‌సామ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వ్యాను మనిషి గుమ్మంలోకి వచ్చాడు. "టైమైందమ్మా."

యిప్ కాగితం మీద 'మాట రాలేదు' అని రాసి సంతకం పెట్టింది. ఉద్యోగంలో చేరాక ఆమెకి మొదటి రోగి ఈయనే. సౌయింగ్ మూట కట్టుకుని, మొగుడి మెడకి మఫ్లరు చుట్టి, చక్రాల కుర్చీని గుమ్మం వైపు తిప్పింది.

యిప్‌కి దుఃఖం ఆగలేదు. పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"జోయ్ గీన్, పెదనాన్నగారూ. మళ్ళీ కలుద్దాం."

వార్డంతా బిక్కచచ్చిపోయింది. ఆసుపత్రి గడప దాటే రోగితో పగవాడు కూడా అనని మాట అది. మళ్ళీ ఈ మంచానికే రమ్మన్నట్టు! మాటలు నేర్పే పిల్లే మాట జారింది. యిప్ రెండు చేతులతో నోరు మూసుకుంది. సౌయింగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు చక్రాల కుర్చీలోంచి బొంగురు గొంతొకటి లేచింది.

"ఛోయ్! ఉమ్మెయ్! ఉమ్మేసి మళ్ళీ చెప్పు!"