హంసల సెట్టు

“నాకొద్దంటే వద్దక్కా! పెద్దకోడలివి నువ్వు. న్యాయంగా అది నీకే రావాలి,” అంది చిన్నకోడలు, పింగాణీ సెట్టు ఉన్న పెట్టెకు దూరంగా జరుగుతూ.

“న్యాయం సంగతి తర్వాత. మా ఇంట్లో చెంచా పెట్టడానికి కూడా చోటు లేదు,” అంది పెద్దకోడలు.

“హాల్లో అంత అద్దాల బీరువా ఉందిగా?”

“దాన్నిండా మీ బావగారు క్యారమ్స్‌లో గెల్చుకున్న కప్పులే. మీ ఇంట్లో ఓ గది ఖాళీగానే ఉంటుంది కదా?”

“ఉండేది. నిన్నట్నుంచీ లేదు,” అంది చిన్నకోడలు గబుక్కున.

పెట్టె పక్కనే కుర్చీలో అత్తగారు కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆవిడ ఈ ఇల్లు ఖాళీ చేసి చిన్న ఫ్లాట్‌లోకి మారుతోంది. సామాన్లన్నీ లారీ ఎక్కేశాయి. ఆవిడ కూర్చున్న కుర్చీ, ఆ పెట్టె మాత్రమే మిగిలాయి. కింద డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు.

“మీరు తేల్చుకునేదాకా నేనిక్కణ్ణుంచి లేచేది లేదు,” అంది అత్తగారు. “మా అత్తగారు నా చేతుల్లో పెట్టింది. నేను మీ చేతుల్లో పెడుతున్నాను. అంతే.”

ఆ సెట్టు సామాన్యమైంది కాదు. ప్రతి కప్పు మీదా నీలం హంసలు, ప్రతి పళ్ళెం అంచునా బంగారు పూత. మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. పీచు పెట్టి తోమితే హంసల ముక్కులు చెరిగిపోతాయట. సూప్ గిన్నె పిడి హంస మెడలా వంపు తిరిగి, పట్టుకున్నవాళ్ళ మణికట్టులో పొడుస్తుంది. ఇంటికి ఎంత గొప్ప చుట్టం వచ్చినా ఆ సెట్టు బయటికి తీసేవారు కాదు. దాన్ని బయటికి తీయాల్సినంత గొప్పవాళ్ళు ఇంతవరకూ రాలేదు.

చిన్నకోడలికి ఉన్నట్టుండి ఓ ఆలోచన తట్టింది. పాత సామాన్లు కొనే షాపుకి ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టింది.

“హంసలా, గులాబీలా?” అన్నాడు షాపతను.

“హంసలండీ.”

“అయ్యో! గులాబీలైతే ఊరికే ఇచ్చినా తీసుకునేవాణ్ణి కాదు. హంసలైతే ఎదురు డబ్బిచ్చినా తీసుకోనమ్మా,” అని పెట్టేశాడు.

కింద హారన్ మళ్ళీ మోగింది. అత్తగారు తీర్పు చెప్పేసింది.

“ఆర్నెల్లు దీని దగ్గర, ఆర్నెల్లు దాని దగ్గర. మోసుకెళ్ళడం, మోసుకురావడం మీ ఇద్దరి పనే. ఊఁ, పట్టండి. నేను తాళం వేసుకుని వస్తాను.”

ఒకరికి తప్పుతుందనుకున్న బాధ ఇద్దరికీ చుట్టుకుంది. తోడికోడళ్ళిద్దరూ చెరోవైపూ పెట్టె పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచారు. పెద్దకోడలు పళ్ళ డాక్టరు; ఆవిడ చెయ్యి ఏనాడూ వణికి ఎరగదు. చిన్నకోడలు రేడియోలో వార్తలు చదువుతుంది. భూకంపం వార్త చదివినా ఆవిడ గొంతు తొణకదు.

మొదటి మెట్టు మీద ఇద్దరూ ఆగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అక్కా, చేతులకి చెమట పడుతోంది.”

“నాకూ అంతే.”

“జారిపోతుందేమో!”

“జారితే మనమేం చేస్తాం చెప్పు, పాపం?”

అంతే. నాలుగు చేతులూ ఒకేసారి జారాయి.

పెట్టె మొదట మర్యాదగా ఒక్కో మెట్టే దిగింది. తర్వాత మర్యాద మానేసి దొర్లింది. మలుపులో గోడను గుద్దుకుని, అక్కడ ఆగుదామా వద్దా అని ఓ క్షణం ఊగి, రెండో వరస మెట్ల మీదుగా ధనధనమంటూ దూకి, వీధి గుమ్మం దాటి లారీ చక్రం దగ్గర బోర్లా పడింది.

“పోయింది,” అంది పెద్దకోడలు గుసగుసగా.

“హంసలన్నీ?”

“ఈకతో సహా!”

ఇద్దరూ మెట్ల మీద కూలబడి పమిటచెంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ఇంట కాలుపెట్టాక వాళ్ళిద్దరూ ఒకర్నొకరు వాటేసుకోవడం అదే మొదలు. ఇంతలో వెనకాల తలుపు తాళం పడ్డ చప్పుడు వినిపించింది. పెద్దకోడలు ఠక్కున మొహం వేలాడేసింది. చిన్నకోడలు వెక్కి వెక్కి ఏడవసాగింది.

“అత్తయ్యా! ఘోరం జరిగిపోయింది. పెట్టె... జారిపోయింది!”

అత్తగారు రెయిలింగ్ పట్టుకుని కిందికి తొంగిచూసింది.

“పగిలిందా?” అంది ఆత్రంగా.

“ఇంకా పగలకుండా ఎలా ఉంటుంది అత్తయ్యా?”

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి మెట్లమీద పరుగు తీసింది. ఆవిడ గుండె ఆగిపోతుందేమోనని కోడళ్ళిద్దరూ భయపడి వెంటపడ్డారు. చేసిన పనికి అప్పుడు నిజంగానే సిగ్గేసింది ఇద్దరికీ.

కింద డ్రైవరు జాలిపడి పెట్టెకున్న టేపు కోశాడు. కాగితాలు విప్పుతూ ఒక కప్పు తీశాడు. బాగానే ఉంది. ఇంకోటి తీశాడు. అదీ బాగానే ఉంది. సాసర్లు, పళ్ళేలు, గిన్నెలు, మూతలు అన్నీ వరసగా బయటికొచ్చాయి. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. చివర్లో సూప్ గిన్నెను, మెడ నిక్కించిన హంసతో సహా, తీసి అత్తగారి చేతుల్లో పెట్టాడు.

“మీ అదృష్టం బాగుందమ్మగారూ,” అన్నాడు.

కోడళ్ళిద్దరి మొహాల్లో నెత్తురుచుక్క లేదు. అత్తగారు ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసింది.

“మీరు పైఅంతస్తు నుంచేగా వదిలారు,” అని నీరసంగా నిట్టూర్చింది. “నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు డాబా మీంచి తోశానర్రా!”