రోమంథానికి ఒక మార్కు

"వాక్యానికి సున్నా వేసేరేంటండీ?"

సీతారత్నం ఆ పేపరు తెచ్చి గౌరీశంకరం ముందు పెట్టింది. డెబ్భై తొమ్మిది మే నెల. అమలాపురంలో పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నారు. గదిలో మాష్టార్లు దిద్దినవన్నీ మళ్ళీ చూడాల్సిన చీఫ్ ఆవిడ. మొదటిరోజు నుంచీ ఈయనతోనే పేచీ.

'రోమంథం': అర్థం రాసి, సొంతవాక్యంలో ప్రయోగించండి. చెరో మార్కు. నూటికి తొంభైమంది వెంట్రుకల సంగతి రాశారు. ఈ ఒక్క పేపర్లోనే 'నెమరు వేయడం' అని ఉంది. మొత్తం ముప్పై నాలుగు. పాసవడానికి ముప్పై అయిదు కావాలి.

ఆమె వాక్యం పైకి చదివింది.

"చనిపోయిన పిల్ల పేరు హాజరుపట్టీలో కొట్టేసినా, మా మాష్టారు అక్కడికి రాగానే ఆగి, పైకి పలకకుండా ఆ పేరును రోమంథం చేస్తారు."

గదిలో కలాలు ఆగాయి.

"ఆ మాట పశువులకండీ," అన్నారు గౌరీశంకరం తలెత్తకుండా. "కావ్యాల్లో అయితే నీడన పడుకున్న లేళ్ళకి. మనుషులకి వాడకూడదు."

"జ్ఞాపకాలు నెమరేసుకున్నామని అనమా అండీ?"

"మీరంటారేమో. నేననను. అయినా ఇది అబద్ధం. ఏ మాష్టారూ అలా చెయ్యడు."

"మార్కు వాక్యానికండీ, నిజానికి కాదు. రాసిన పిల్లలెవరో చూసేరు కాబట్టే రాసేరు."

"హాజరప్పుడు తల వంచుకు కూర్చోవాలి. మాష్టారి నోరు చూడ్డమేంటి?"

"ఒక్క మార్కుతో ఏడాది పోతుంది మాష్టారూ."

"పోనివ్వండి."

సీతారత్నానికి ఒళ్ళు మండింది. "మీ కన్నబిడ్డ పేపరైతే ఇలాగే అందురా?"

ఆయన తర్వాతి పేపరు ముందుకు లాక్కున్నారు. పక్క బల్ల దగ్గర కామరాజు మాష్టారు ఏదో అనబోయి మానుకున్నారు.

ఆమె సున్నా కొట్టేసి ఒకటి వేసింది. ముప్పై అయిదు. "సంతకం పెట్టండి."

పెట్టారు. పెట్టి, ఆ వాక్యం వైపు మళ్ళీ చూశారు. దవడలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

తనని తిట్టుకుంటున్నారనుకుంది. "గట్టిగానే అనండి, వింటాను."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయారాయన.

మార్కులు ఖాయమయ్యాక, నంబరు మీద అతికించిన చీటీ విప్పి బడి పేరు రాసుకోవాలి. విప్పింది. సఖినేటిపల్లి రేవు దగ్గర బడి.

"మాదీ ఆ పక్క ఊరేనండీ," అన్నారు కామరాజు, తొంగిచూసి. "ఎవరి బడి పేపర్లు వాళ్ళకి ఇవ్వకూడదు కదండీ, ఎలా కలిసిపోయిందో."

"ఎవరి బడి?"

"అక్కడ తెలుగు చెప్పేది గౌరీశంకరంగారేనండీ, ఆ కొట్టేసిన పేరు ఆయన కూతురిది."